మూడు వందల ఇళ్లలో ఏడు తుపాకులు: మా పైలట్ సర్వే ఎక్కడ తప్పింది

మూడు వందల ఇళ్ల పైలట్, అంటే అసలు సర్వేకి ముందు చేసే చిన్న ట్రయల్. "మీ ఇంట్లో గానీ, ఇంటి చుట్టుపక్కల గానీ గన్ ఉందా?" అన్న ప్రశ్నకు ఏడు ఇళ్లలో "ఉంది" అని వచ్చింది. ట్యాబ్‌ల నుంచి డేటా దించి మొదటి టేబుల్ తీసిన రాత్రి నేను ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. విజయవాడలో పుట్టి పెరిగినవాణ్ణి, పదహారేళ్లుగా ఇదే పని, కృష్ణకు అటూ ఇటూ ఎన్ని కాలనీల్లో తలుపులు తట్టానో లెక్కలేదు. మామూలు ఇళ్లలో నలభైకి ఒకటి చొప్పున తుపాకీ ఉందంటే నాకు నమ్మకం కుదరలేదు. కానీ అప్పటికే ఆ రెండు పాయింట్ మూడు శాతం క్లయింట్‌వాళ్ల ప్రెజెంటేషన్‌లో ఎక్కి కూర్చుంది.

ఈ పనిలో ఉన్న సూపర్‌వైజర్లకు, ఇళ్లకు వెళ్లి ప్రశ్నలడిగే ఎన్యూమరేటర్లకు, కొత్తగా ఫీల్డ్‌కి వస్తున్న పిల్లలకు పనికొస్తుందని ఈ కేస్ మొత్తం రాస్తున్నాను. క్లయింట్ పేరు చెప్పను. ఇళ్లవాళ్లను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. తప్పుల్లో పెద్దది నాదే, అది కూడా దాచకుండా రాస్తాను.

ముందు పని ఏమిటో చెప్పాలి. ఇంట్లో ప్రాణం మీదకు తెచ్చే వస్తువులు ఏమేమి ఉన్నాయి, ఎక్కడ పెడతారు, తాళం ఉంటుందా, పిల్లలకు అందుతాయా అన్నది అధ్యయనం. పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు, తుపాకీ. దీని వెనక ఉన్న ఆలోచన నాకు బాగా నచ్చింది కాబట్టే పని ఒప్పుకున్నాను. మనిషి బాగా కుంగిపోయిన ఆ గంటలో చేతికి ఏది అందుతుందన్నదే చాలాసార్లు చావు బతుకులను తేలుస్తుంది. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మన మిర్చి, పత్తి పొలాల వైపు ఆ స్థానంలో ఉన్నది పురుగుమందు. ప్రశ్నాపత్రం అక్కడి నమూనాలో వచ్చింది కాబట్టి తుపాకీ ప్రశ్న కూడా దాంతోపాటే వచ్చింది, తీసేయొద్దన్నారు.

ఆ ప్రశ్నకు మూలం అమెరికా ఆరోగ్య శాఖ రాష్ట్రాలవారీగా ఫోన్‌లో చేసే బీఆర్‌ఎఫ్‌ఎస్‌ఎస్ సర్వే. 2001, 2002, 2004లలో అందులో తుపాకుల గురించి అడిగారు. అక్కడ ప్రశ్నకు ముందు ఒక పొడుగాటి వివరణ ఉంటుంది: పిస్టల్, షాట్‌గన్, రైఫిల్ లాంటివి లెక్కలోకి తీసుకోండి, పిల్లలు ఆడే ఛర్రా గన్‌లు, పరుగుపందెంలో పేల్చే పిస్టళ్లు, అసలు పేలనివి వద్దు, గ్యారేజీలో ఉన్నవి, బండిలో ఉన్నవి కూడా చెప్పండి అని. తెలుగులోకి మార్చేటప్పుడు నేను ఆ వివరణ తీసేశాను. ఇంటర్వ్యూ అప్పటికే నలభై నిమిషాలు దాటుతోంది, గ్యారేజీ అంటే మన దగ్గర మెకానిక్ షెడ్డే, ఛర్రా గన్‌ల గోల ఇక్కడెవరికి అనుకున్నాను. పైగా "తుపాకీ" అంటే జనం బెదురుతారేమోనని "గన్" అని రాశాను. ఆ రెండు నిర్ణయాలూ పది నిమిషాల్లో తీసుకున్నవే.

ఏడు ఇళ్లకూ నేనే బ్యాక్ చెక్‌కి, అంటే వచ్చిన జవాబు సరో కాదో మళ్లీ అడిగి చూసుకోవడానికి వెళ్లాను. సాధారణంగా పది శాతం ఇళ్లకు వెళ్తాం, ఆ పదిలో ఈ ఏడూ పడకపోవచ్చు కూడా. అందుకే నా మొదటి సలహా ఇది: అరుదైన జవాబు ఎక్కడ వచ్చినా లాటరీకి వదలకుండా మొత్తం తిరిగి చూడాలి.

మొదటి రెండు ఇళ్లు ఆటోనగర్ దగ్గర. ఒకాయన కార్లకు పెయింటింగ్ చేస్తాడు. "గన్ను లేకపోతే మా పనెట్లా అవుద్ది సార్?" అని లోపల్నుంచి స్ప్రే గన్ తెచ్చి చూపించాడు. రెండో ఆయనది లారీ సర్వీసింగ్, ఆయన చెప్పింది గ్రీజు గన్ గురించి. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆటోనగర్‌లో గన్ అంటే అదే కదా! ప్రత్తిపాడు వైపు మిర్చి రైతు ఇంట్లో పవర్ స్ప్రేయర్‌కి తగిలించే మందు కొట్టే గన్ను. అంతకుముందు పది ప్రశ్నలూ పురుగుమందు గురించే అడిగాం, ఆ వరసలో "గన్ ఉందా" అంటే ఏ రైతైనా అదే చెప్తాడు. కొండవీడు వైపు ఒక ఇంట్లో కోతులను బెదిరించే ఎయిర్ గన్. ఇంకో ఇంట్లో ఎవరినడిగినా "అసలా ప్రశ్నే అడగలేదు" అన్నారు. మా ఎన్యూమరేటర్ కుర్రాడు సాయంత్రం తొందరలో వేలు తప్పి "లేదు" బదులు పైనున్న "ఉంది" నొక్కేశాడు, అతను కూడా ఒప్పుకున్నాడు. ఆరో ఇంట్లో పెద్దాయన తన తండ్రి కాలంలో వేటకు వాడిన తుపాకీ గురించి చెప్పాడు, అది ముప్పై ఏళ్ల కిందటే సర్కారుకు అప్పజెప్పేశారు. ఏడో ఇల్లు పటమటలో ఒక రిటైర్డ్ హవల్దారుది. డబుల్ బ్యారెల్ ట్వెల్వ్ బోర్, లైసెన్స్ ఉంది, పుస్తకం కూడా చూపించాడు.

ఏడింటిలో ఒకటి.

దీని వెనక ఉన్న లెక్క ప్రతి ఫీల్డ్ సూపర్‌వైజర్‌కీ తెలిసి ఉండాలి, అందుకని కొంచెం ఆగి చెప్తాను. వెయ్యి ఇళ్లున్నాయనుకోండి, నిజంగా తుపాకీ ఉన్నవి ఐదు. ఆ ఐదుగురూ నిజమే చెప్పారు. మిగిలిన 995 మందిలో నూటికి ఒక్కరు పొరపాటుగా "ఉంది" అన్నా, మా వాడి వేలు జారినా, దాదాపు పది తప్పుడు "ఉంది"లు పడతాయి. మొత్తం పదిహేను, అందులో మూడింట రెండొంతులు ఉత్తవే. నూటికి తొంభై తొమ్మిది మంది సరిగ్గా చెప్పిన సర్వేలో అసలు అంకె మూడు రెట్లు అయిపోయింది! అదే టీవీ ఉందా అని అడిగితే ఈ నూటికి ఒక్కటి పొరపాటు ఎవరికీ కనపడదు. ప్రశ్న ఎంత అరుదైన వస్తువు గురించి అయితే పొరపాటు అంత పెద్దదై కూర్చుంటుంది.

అమెరికాలో ఇదే గొడవ ఏళ్లతరబడి నడిచింది. ఆత్మరక్షణ కోసం ఏడాదికి ఎంతమంది తుపాకీ వాడుతున్నారో తెలుసుకోవడానికి గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ అనే పరిశోధకులు సుమారు ఐదు వేల మందికి ఫోన్ చేసి అడిగారు, 1995లో ఆ లెక్క అచ్చయింది: ఏడాదికి దాదాపు 25 లక్షల సార్లు. అక్కడి ప్రభుత్వమే చేసే నేర బాధితుల సర్వే ప్రకారం చూస్తే అది లక్షకు అటూ ఇటూ. ఇరవై రెట్ల పైచిలుకు తేడా అన్నమాట. హార్వర్డ్‌లో డేవిడ్ హెమెన్‌వే 1997లో దీని మీద రాసినప్పుడు ఎత్తిచూపింది సరిగ్గా ఈ అరుదైన సంగతి లెక్కనే. ఐదు వేల మందిలో "వాడాను" అన్నవాళ్లు నూటికి ఒకరో ఇద్దరో, అందులో కొద్దిమంది పొరపడినా, ఎప్పుడో జరిగినదాన్ని పోయిన ఏడాదిలోకి లాక్కొచ్చినా, దేశ జనాభాతో గుణించేసరికి లక్షల్లో తేలుతుంది. క్లెక్ వైపువాళ్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు: ప్రభుత్వ మనిషి వచ్చి పేరూ ఊరూ రాసుకుని అడిగితే తుపాకీ తీశానని ఎవరు చెప్తారు, పైగా ఆ సర్వేలో ముందు నేరం జరిగిందని చెప్పినవాళ్లనే ఈ ప్రశ్న అడుగుతారు అని. నా మటుకు హెమెన్‌వే చెప్పిందే ఎక్కువ సరి అనిపిస్తుంది. ఆటోనగర్ స్ప్రే గన్ చూశాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

ఏడింటి సంగతి తేలాక రెండో బెంగ పట్టుకుంది. లేనివాళ్లు ఉందన్నారు, సరే. ఉన్నవాళ్లు ఏమంటున్నారు?

అది తెలియాలంటే తుపాకీ ఉందని ముందే తెలిసిన ఇళ్లు కావాలి. లైసెన్సుల జాబితా అధికారుల దగ్గర ఉంటుంది, కానీ దాని జోలికి పోకూడదని మొదటే అనుకున్నాం. మీ జవాబు ఎవరికీ చెప్పం అని గడప దగ్గర మాట ఇచ్చి, వెనక పోలీసు జాబితాతో సరిపోల్చడం నాకు ద్రోహం అనిపిస్తుంది. పటమట హవల్దారుగారే దారి చూపించారు. సైన్యం నుంచి వచ్చాక బ్యాంకుల్లో, క్యాష్ వ్యాన్‌ల మీద గన్‌మన్‌గా చేసేవాళ్లలో చాలామందికి సొంత లైసెన్స్, సొంత తుపాకీ ఉంటాయి. ఆయన తెలిసినవాళ్లను కూర్చోబెట్టారు, నేను విషయం చెప్పాను: నెలలోపు మీ ఇంటికి మామూలు సర్వేలాగే మా వాళ్లొస్తారు, ఇంట్లో ముందుగా చెప్పకండి, ఏం జవాబు వస్తుందో చూస్తాం. పదకొండు మంది ఒప్పుకున్నారు. వెళ్లే ఎన్యూమరేటర్లకు కూడా అవి ప్రత్యేకమైన ఇళ్లని చెప్పలేదు. ప్రశ్నలో ఈసారి "తుపాకీ" అనే రాశాం.

నాలుగు ఇళ్లలో మగవాళ్లు జవాబిచ్చారు, నలుగురూ ఉందన్నారు. ఏడు ఇళ్లలో భార్యలు మాట్లాడారు. ఇద్దరు ఉందన్నారు, ఐదుగురు లేదన్నారు.

దీన్ని చూసి మా ఆఫీసులో అందరూ ఒకటే మాట, ఆడవాళ్లు దాస్తున్నారు అని. మా టీమ్‌లో సీనియర్ అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. "సార్, మళ్లీ వెళ్లి అడుగుదాం, అలాగే మనం చేసిన పని కూడా వాళ్లకు చెప్పేద్దాం, వాళ్లను అడక్కుండా పరీక్ష పెట్టాం కదా" అంది. ఆ మాట నాకు తగిలింది. భర్తలు ఒప్పుకుంటే చాలనుకోవడం తప్పే. ఆ అమ్మాయీ నేనూ కలిసి ఏడు ఇళ్లకూ వెళ్లాం, ఎందుకు చేశామో చెప్పాం, వద్దంటే మీ ఇంటి జవాబులన్నీ తీసేస్తామన్నాం. ఒకావిడ తీసేయమంది, ఆమె ఎదురుగానే తీసేశాం. ఆమె కూడా ఎందుకు లేదన్నానో చెప్పి, మీలాంటి వాళ్లకు తెలియడానికి చెప్పుకోండి గానీ నా పేరు వద్దు అంది.

ఐదు "లేదు"లూ ఇవి. ఇద్దరి ఇళ్లలో నిజంగానే తుపాకీ లేదు, డ్యూటీ అయ్యాక బ్యాంకులోనే పెట్టి వస్తారు. "ఇంట్లో ఉందా అన్నారు, లేదన్నా, ఉంటే చెప్పనా?" అని ఒకావిడ కాస్త కోపంగానే అంది. మూడో ఇంటాయన బ్యాంకు పని మానేసి ఏడాదైంది. మేం తిరిగింది 2024 ఏప్రిల్, మే నెలల్లో, ఎన్నికల కోడ్ ఉంది, లైసెన్స్ ఉన్న ఆయుధాలు స్టేషన్‌లో డిపాజిట్ చేయించారు. డ్యూటీలో ఉన్న గన్‌మన్‌లకు దొరికే మినహాయింపు ఈయనకు దొరకలేదు, తుపాకీ స్టేషన్‌లో ఉంది. ఆమె జవాబు కూడా నిజమే. నాలుగో ఆమె అన్నమాట నేను చాలాసార్లు తలుచుకున్నాను: "అది ఆయన డ్యూటీ సామాను అన్నా. యూనిఫాం లాగా. ఇంట్లో తుపాకీ అంటే గొడవల కోసం పెట్టుకునేవాళ్లు అనుకున్నా."

ఐదో ఆమె దాచింది, తెలిసే దాచింది. ఎందుకు దాచాల్సి వచ్చిందో కూడా చెప్పింది. ఎన్నికల రోజులు, ఏ పార్టీ తరఫున వచ్చారో తెలియదు, మెడలో ఐడీ కార్డు ఎవరైనా వేసుకోవచ్చు, ట్యాబ్‌లో ఇంటి ఫొటో, లొకేషన్ పడుతున్నాయి, భర్త నైట్ డ్యూటీ, ఇంట్లో ఇద్దరు పిల్లలు. "ఫలానా ఇంట్లో తుపాకీ ఉంది, మగాళ్లు లేరు అని నేనే చెప్పాలా మీకు? మీరు వెళ్లాక నాకు రాత్రంతా టెన్షన్." ఆ ట్యాబ్‌లో లొకేషన్ ఆన్ చేయించింది నేనే, మా వాళ్లు నిజంగా ఇళ్లకు వెళ్తున్నారో లేదో చూసుకోవడానికి. నా క్వాలిటీ చెక్ ఆమెకు భయమై కూర్చుంది.

భార్యాభర్తల తేడా మనవైపు మాత్రమే ఉన్నది కాదు. అమెరికాలో జనరల్ సోషల్ సర్వే 1973 నుంచి ఇంట్లో తుపాకీ ఉందా అని అడుగుతోంది. పెళ్లయిన మగవాళ్లలో ఉందని చెప్పేవాళ్ల శాతం, పెళ్లయిన ఆడవాళ్లలో చెప్పేవాళ్ల శాతం కంటే ఎక్కువ వస్తుంది. పెళ్లయిన మగవాళ్లూ ఆడవాళ్లూ ఉండేది అవే ఇళ్లలో కదా, రెండూ దగ్గర దగ్గరగా రావాలి. లుడ్విగ్, కుక్, స్మిత్ అనే ముగ్గురు 1998లో దీని మీదే వ్యాసం రాశారు. అందుకే ఇంట్లో ఎవరో ఒకరిని ఎంచి వాళ్ల సొంత తుపాకీ గురించి అడగడం మేలన్న మాట అక్కడ బలపడింది. నా ముందున్న ప్రశ్న వేరు, నాకు కావలసింది ఇంట్లో చేతికి అందుతుందా అని. భార్యకు తెలియని తుపాకీ కూడా పిల్లాడి చేతికి అందవచ్చు.

అలాగని జనం ఎప్పుడూ దాస్తారనీ అనలేం. 1990లో అచ్చయిన కెల్లర్‌మన్ బృందం పరీక్షలో, మెంఫిస్, సియాటిల్ నగరాల్లో హ్యాండ్‌గన్ రిజిస్టర్ అయి ఉన్న చిరునామాలకు వెళ్లి అడిగితే, మాట్లాడటానికి ఒప్పుకున్న 35 ఇళ్లలో 31 ఇళ్లవాళ్లు ఉందని చెప్పారు. మంచి అంకెలాగే కనపడుతుంది. కానీ అది రిజిస్టర్ చేయించుకున్నవాళ్ల నిజాయితీ, అదీ తలుపు తీసి మాట్లాడినవాళ్లది. నా పదకొండు ఇళ్లకూ ఇదే పరిమితి, వాళ్లంతా లైసెన్స్ ఉన్నవాళ్లు, హవల్దారుగారి మాట మీద వచ్చినవాళ్లు. నాటు తుపాకీ ఉన్నవాడు ఏ సర్వేకి ఉందంటాడు? ఆయుధాల చట్టం కింద జైలుకు పోయే సంగతి అది.

క్లయింట్‌వాళ్లు అప్పుడు నాణెం పద్ధతి చెప్పారు. 1965లో స్టాన్లీ వార్నర్ అనే ఆయన మొదలుపెట్టిన ఆలోచనకు ఇది ఒక రూపం. జవాబిచ్చేవాళ్లు మనకు కనపడకుండా నాణెం ఎగరేస్తారు, బొమ్మ పడితే ఏమున్నా లేకున్నా "ఉంది" అంటారు, బొరుసు పడితే నిజం చెప్తారు. ఎవరిది నిజమో మనకు తెలియదు, కానీ మొత్తం మీద లెక్క తీయొచ్చు. అందమైన ఆలోచనే, దాచుకునేవాళ్లకు నిజంగా రక్షణ. కానీ మన విషయానికి పనికిరాదు. వెయ్యి మందిలో ఐదు వందలు బొమ్మ వల్లే "ఉంది" అవుతాయి. నూటికి ఒకరికి తుపాకీ ఉన్నా, మిగిలిన ఐదు వందల్లో దానివల్ల వచ్చే "ఉంది"లు ఐదే. నాణెం బొమ్మలే ఒక్కోసారి పదీ పదిహేను ఎక్కువో తక్కువో పడతాయి, ఆ ఊగిసలాటలో మన ఐదూ కొట్టుకుపోతాయి. పైగా మా అమ్మాయిలు గడప దగ్గర ఆచరించి చూస్తే ఒక పెద్దావిడ "లేనిది ఉందని ఎందుకు చెప్తానమ్మా, తప్పు కదూ" అని నాణెం తిరిగి ఇచ్చేసింది.

మరి సర్వేలు నమ్మదగ్గవేనా అని నన్ను చాలామంది అడుగుతున్నారు. ఒకే ప్రశ్న, ఒకే పద్ధతిలో, ఏళ్లతరబడి అడిగితే పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చాలావరకు నమ్మొచ్చు. ఒక ఏడాది ఒక అంకె పట్టుకుని ఇదే నిజం అనడమే ప్రమాదం. 2014లో జనరల్ సోషల్ సర్వే, ఎక్కువగా ఇంటికెళ్లి ఎదురుగా కూర్చుని అడిగేది, అమెరికాలో 31 శాతం దాకా ఇళ్లలో తుపాకీ ఉందంది. అదే ఏడాది గ్యాలప్ అనే పోల్ సంస్థ ఫోన్‌లో అడిగితే 42 శాతం వచ్చింది. అదే దేశం, అవే ఇళ్లు. 1986 చట్టం ప్రకారం తుపాకీ యజమానుల జాతీయ రిజిస్టర్ పెట్టడానికి అక్కడి ఫెడరల్ ప్రభుత్వానికి వీల్లేదు కాబట్టి ఎవరిది సరో తేల్చే లెడ్జరు లేదు. అందుకని పరిశోధకులు పక్కదారి కూడా పడతారు, ఒక రాష్ట్రంలో ఆత్మహత్యల్లో తుపాకీతో జరిగినవి ఎన్నో వంతు అని చూసి ఇళ్లలో తుపాకులను అంచనా వేస్తారు. మన దగ్గర రిజిస్టరు ఉంది, జాతీయ డేటాబేస్‌లో ప్రతి లైసెన్స్‌కీ ఒక నంబరు ఉంటుంది. అయినా జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018లో ఇచ్చిన అంచనా చూడండి, పేరులో సర్వే ఉన్నా వాళ్లు తలుపులు తట్టరు, రికార్డులు, సర్వేలు, నిపుణుల అంచనాలు కలిపి లెక్కేస్తారు: భారతదేశంలో పౌరుల చేతుల్లో సుమారు 7 కోట్ల 11 లక్షల తుపాకులు, అందులో రిజిస్టర్ అయినవి 97 లక్షల దాకా. మిగిలినదంతా అంచనాయే. అంత పెద్ద చీకటిని మూడు వందల ఇళ్ల పైలట్‌తో నింపేస్తామంటే ఒప్పుకోలేకపోయాను.

క్లయింట్‌తో రెండు వారాలు పట్టింది. శాతం తీసేయండి, మూడు వందల్లో ఒకటి అని కూడా శాతంగా రాయొద్దు, ఈ ప్రశ్నతో ఎంతమందికి ఉందో తేల్చలేం, ఉన్న ఇంట్లో ఎలా పెడతారో మాత్రం తెలుసుకోగలం అని చెప్పాను. మొదట విసుక్కున్నారు, ఏడు ఇళ్ల బ్యాక్ చెక్ కాగితాలు టేబుల్ మీద పెట్టాక ఒప్పుకున్నారు.

ప్రశ్న మూడు ముక్కలైంది. "మీ ఇంట్లో ఎవరి పేరు మీదైనా తుపాకీ లైసెన్స్ ఉందా?" అని మొదలు. ఉంటే, "ఆ తుపాకీ నిన్న రాత్రి ఎక్కడ ఉంది?" అని. బ్యాంకు, స్టేషన్, ఇల్లు, ఏదైనా చెప్పడానికి వీలుంటుంది, ఎవరూ అబద్ధమాడక్కర్లేదు. ఆ తర్వాత తాళం సంగతి. స్ప్రే గన్, గ్రీజు గన్, ఎయిర్ గన్ కావని ఎన్యూమరేటర్ పైకి చదవాల్సిందే, ఎంత ఆలస్యమైనా. పురుగుమందు ప్రశ్నలకు దీనికి మధ్య వేరే విషయం పెట్టాం. ఈ భాగం వచ్చేసరికి లొకేషన్, ఫొటో ఆగిపోయేట్టు యాప్ మార్పించాం, అది మా అమ్మాయిలు ఇంటివాళ్లకు ట్యాబ్ చూపించి మరీ చెప్తారు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు ఈ ప్రశ్నతో ఫీల్డ్‌కి వెళ్లం. భార్యనూ భర్తనూ విడివిడిగా, ఒకరి మాట ఒకరికి వినపడకుండా అడుగుతాం.

కోడ్ ఎత్తేశాక, ఒప్పుకున్న గన్‌మన్‌ల ఇళ్లకే కొత్త ప్రశ్నతో మళ్లీ వెళ్లాం. ఆ రాత్రంతా టెన్షన్ పడ్డానన్న ఆవిడ ఈసారి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి మాట్లాడింది. నిన్న రాత్రి తుపాకీ ఎక్కడుందన్న ప్రశ్నకు వరండాలో ఆయన "పెట్టెలో, తాళం వేసి" అన్నాడు. వంటింట్లో ఆమె "మంచం కింద, దుప్పట్లో చుట్టి" అంది. రెండు జవాబులనూ రెండు కాలమ్స్‌లో అలాగే ఉంచాను.